ఫస్టియర్ పిల్లల ముందు ఒక నిజమైన సమస్య పెట్టండి: మన జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీలకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకు, ఫస్టియర్ సెక్షన్లకు పాఠాలు చెప్పే సార్లకు, మేడమ్‌లకు, సిలబస్ కమిటీల్లో ఉండే పెద్దలందరికీ నమస్కారం.

కొత్త బ్యాచ్ వచ్చి బెంచీల మీద కూర్చునే లోపే ఈ మాట మీ చెవిన వేయాలని రాస్తున్నాను. ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు డిజైన్ అంటే ఏమిటో, అనాలిసిస్ అంటే ఏమిటో మొదటి సెమిస్టర్‌లోనే చేతులతో చేయించండి, ఫైనలియర్ ప్రాజెక్టు దాకా ఆపకండి. కొత్త ల్యాబ్ కట్టమనడం లేదు, లక్షలు పెట్టి మెషీన్లు తెమ్మనడం లేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఎప్పుడొస్తాయో తెలియక జీతాలకే ఇబ్బంది పడే మేనేజ్‌మెంట్లు ఉన్నాయని నాకు తెలుసు. ఇప్పుడు టైమ్‌టేబుల్‌లో ఉన్న వర్క్‌షాప్, డ్రాయింగ్, కెమిస్ట్రీ ల్యాబ్ గంటల్లోంచే కొంత తీసి, చుట్టుపక్కల ఊళ్లో నిజంగా ఉన్న ఒక సమస్యను పిల్లల ముందు పెట్టండి అంటున్నాను.

నేను మెకానికల్ చదివి పంపులు, మోటర్ల పనిలో స్థిరపడ్డవాణ్ని. కాలేజీలవాళ్లు పిలిచినప్పుడు గెస్ట్ క్లాసులకు పోతాను, ఇంటర్న్‌షిప్ అని మా దగ్గరికి వచ్చే పిల్లలను వెంటబెట్టుకుని బోర్ల దగ్గరికి తిరుగుతాను. వాళ్లలో తెలివికి ఏ లోటూ లేదు. బెర్నౌలీ సమీకరణం అడిగితే ఆగకుండా చెప్తారు, డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఇస్తే పేజీన్నర నింపుతారు. అదే పిల్లవాణ్ని పొలం గట్టు మీద నిలబెట్టి "ఈ బోరు గంటకు ఎన్ని నీళ్లు పోస్తదో చెప్పు" అంటే మొదట అడిగే మాట "డిశ్చార్జ్ (నీళ్లు పడే వేగం) ఎంత ఇచ్చారు సార్" అని. ఇవ్వడానికి అక్కడ ఎవరూ లేరు. పైపులోంచి నీళ్లు పడుతున్నాయి, పక్కన డ్రమ్ము ఉంది, జేబులో ఉన్న ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది. కొలవొచ్చు అన్న ఆలోచన రావడానికే చాలాసేపు పడుతుంది, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లు చేసిన ప్రతి లెక్కలోనూ కొలిచే పని ఇంకెవరో చేసిపెట్టారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, ఒక్కో ప్రశ్నకు నిమిషం చిల్లర. కావలసిన డేటా అంతా ప్రశ్నలోనే ఉంటుంది, జవాబు నాలుగు ఆప్షన్లలో ఒకటై ఉంటుంది. ఇంటర్ రెండేళ్లు పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో దీన్నే రుద్దుతారు. ఆ టెన్షన్ నుంచి నేరుగా మన దగ్గరికి వచ్చిన పిల్లకు, ఆప్షన్లు లేని ప్రశ్న ఒకటి ఉంటుందని, డేటా మనమే తెచ్చుకోవాలని, ఒకే సమస్యకు రెండు మూడు సరైన జవాబులు ఉండొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. అది మొదటి సెమిస్టర్‌లో చెప్పకపోతే తర్వాత చెప్పేవాళ్లు లేరు. సెకండియర్ నుంచి మళ్లీ యూనిట్లు, మిడ్‌లు, ఎక్స్‌టర్నల్‌లే.

ఆ బోరు లెక్కనే తీసుకోండి. 200 లీటర్ల డ్రమ్ము 70 సెకన్లలో నిండిందనుకుందాం, అంటే సెకనుకు 2.86 లీటర్లు. మోటరు నడుస్తుండగా నీటి మట్టం 60 మీటర్ల లోతున ఉంది, రైతు లెక్కలో 200 అడుగులు. అంత లోతు నుంచి ఆ నీళ్లను పైకి లేపడానికి ఎంత పవర్ కావాలి? సెకనుకు 2.86 కిలోల నీళ్లు, దాన్ని భూమ్యాకర్షణ 9.81తో, ఎత్తు 60తో గుణిస్తే దాదాపు 1,680 వాట్లు. మోటరు ప్లేటు మీద 5 హెచ్‌పీ అని ఉంది, అంటే 3,730 వాట్లు. మరి సగానికి పైగా ఎక్కడ పోయింది? అసలు క్లాసు ఇక్కడ మొదలవుతుంది. ఒకరు పైపులో రాపిడి అంటారు, ఒకరు పంపు ఎఫిషియెన్సీ అంటారు. ఇంకో అమ్మాయి లేచి, ప్లేటు మీద ఉన్నది ఆ మోటరు ఇవ్వగలిగినది కదా సార్, ఇప్పుడు నిజంగా అది ఎంత తీసుకుంటుందో మనకు తెలియదు కదా అంటుంది. ఆ ప్రశ్న పుట్టించడానికే ఈ తతంగమంతా. టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) మూడు ఫేజుల కరెంటు చూసి, వోల్టేజీ చూసి, పవర్ ఫ్యాక్టర్ అంచనా వేసుకుంటే జవాబు దగ్గరికి వస్తుంది. (ఆ కొలత మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. స్టార్టర్ డబ్బా పిల్లల చేతికి ఇవ్వొద్దు, తడి నేల మీద అసలే వద్దు.)

తర్వాత డ్రమ్ము తీసేసి 20 లీటర్ల బకెట్‌తో అదే కొలత తీయమనండి. ఏడు సెకన్లలో నిండుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో అర సెకను తేడా వస్తే లెక్క ఏడు శాతం తప్పుతుంది, డ్రమ్ముతో అయితే అదే అర సెకను ఒక్క శాతం కూడా కాదు. కొలతలో తప్పు అనేది పుస్తకంలో ఒక చాప్టర్‌గా చదివితే ఎవరికీ గుర్తుండదు. ఒకే బోరును రెండు టీములు కొలిచి రెండు వేరువేరు జవాబులతో వచ్చి క్లాసులో వాదించుకుంటే జీవితాంతం గుర్తుంటుంది.

అక్కడితో ఆపకండి. ఎకరం పొలం మీద ఒక అంగుళం నీళ్లు నిలబెట్టాలంటే ఎన్ని లీటర్లు కావాలో అడగండి. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంగుళం 2.54 సెంటీమీటర్లు, గుణిస్తే లక్షా 3 వేల లీటర్లకు కాస్త తక్కువ. పై బోరు ఆగకుండా పది గంటలు పోస్తే గానీ ఆ అంగుళం నిలవదు, అదీ భూమి తాగే నీళ్లు, కాలువలో ఇంకే నీళ్లు లెక్కలోకి తీసుకోకుండా. వరి మడిలో రెండంగుళాలు కావాలంటే ఇరవై గంటలు. ఇంట్లో నాయన రాత్రింబవళ్లు బోరు చుట్టూ ఎందుకు తిరుగుతున్నాడో, రెండెకరాలు వరి పెట్టి ఎండాకాలంలో ఒక ఎకరం ఎందుకు వదిలేశాడో మన క్లాసులోని సగం మంది పిల్లలు కళ్లారా చూసినవాళ్లే. దానికి ఒక లెక్క ఉందని, ఆ లెక్క తాము వేయగలరని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు మీరు చూడాలి. అనాలిసిస్ అంటే నేను అడుగుతున్నది ఇదే స్థాయిది. వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్క వేసే ఫినైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ తర్వాత వస్తుంది.

ఇక డిజైన్. ఇక్కడ కాలేజీలు ఎక్కువగా ఒకే రకమైన టాపిక్ ఇస్తున్నాయి: "ఫోన్‌తో మోటరు ఆన్ చేసే పరికరం తయారు చేయండి" లాంటిది. అది సమస్య కాదు సార్, అప్పటికే తేల్చేసిన పరిష్కారం. పిల్లలు చేయాల్సింది ఇంక వైర్లు కలపడమే, ఆలోచించాల్సిన భాగమంతా మనమే ఆలోచించి ఇచ్చేశాం. దానికి బదులు ఇట్లా ఇచ్చి చూడండి: రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది, అయినా రాత్రిపూట పొలం కాడికి పోయే రైతులు ఇంకా ఉన్నారు, చీకట్లో పాములు, కరెంటు షాకులు అన్నీ ఉన్నాయి. ఎందుకు పోతున్నారో కనుక్కుని రండి, ఆ పోవడం తగ్గించే మార్గం ఒకటి చూపించండి.

ఈ ప్రశ్న పట్టుకుని పిల్లలు ఊర్లోకి పోతే నాలుగు ఇళ్లలో నాలుగు కారణాలు దొరుకుతాయి. ఒకాయన నీళ్లు పారబెట్టడానికి పోతున్నాడు, ఒక మడి నిండాక గండి కట్టి ఇంకో మడికి తిప్పాలి. ఆయనకు ఫోన్‌తో మోటరు ఆన్ అయితే ఒరిగేదేమీ లేదు, మనిషి అక్కడ ఉండాల్సిందే. ఇంకొకాయన బోరులో నీళ్లు తక్కువ, గంట పోసి ఆగుతుంది, మళ్లీ ఊరేదాకా ఆగి పెట్టుకోవాలి, లేకపోతే మోటరు కాలుతుంది. ఆయనకు కావాల్సింది నీళ్లు అయిపోగానే ఆపేసి, కొంతసేపటికి మళ్లీ పెట్టే ఏర్పాటు. మూడో ఆయన సంగతికి బోరుతో సంబంధమే లేదు, అడవి పందుల కాపలాకు పోతున్నాడు. నాలుగో ఇంట్లో లో వోల్టేజీకి ఫ్యూజు మాటిమాటికీ పోతుంది. నాలుగు కారణాలు, నాలుగు వేరువేరు డిజైన్లు. ఒకే పరికరం అందరికీ అంటగడితే దొడ్డిలో మూల పడుతుంది.

ఆటో స్టార్టర్ల సంగతి కూడా పిల్లలకు చెప్పండి. కరెంటు రాగానే మోటరు దానంతటదే మొదలయ్యేట్టు రైతులు పెట్టుకున్నారు, ఒక్క రైతు వైపు నుంచి చూస్తే అంతకన్నా సుఖం లేదు. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ కరెంటు వచ్చిన అదే క్షణంలో ఒక్కసారిగా లేస్తే, మొదలయ్యేటప్పుడు మోటరు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది కాబట్టి, ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. పైగా అవసరం తీరినా బోర్లు పోస్తూనే ఉంటాయి, భూగర్భ జలం పోతుంది. అందుకే 24 గంటల కరెంటు ఇచ్చే ముందు వాటిని తీసేయమని కరెంటు వాళ్లే ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఒకరికి మంచి డిజైన్ పదిమందికి కలిపి చూసినప్పుడు చెడ్డది కావచ్చు అని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏ టెక్స్ట్‌బుక్కులోనూ దొరకదు.

డిజైన్ అంటే ఎక్కడో విదేశాల్లో ఏసీ గదిలో కూర్చుని చేసేదనే భావన పిల్లల్లో బాగా ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేట మన ఉమ్మడి నల్లగొండదే. అక్కడి చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. టై అండ్ డై చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని సిద్ధం చేయాలంటే, అర్ధచంద్రాకారంలో ఉన్న కొయ్య మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, నాలుగైదు గంటల పని. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఆ చేతి కదలికను యంత్రంతో చేయించాలనుకున్నారు, ఏళ్ల తరబడి ఒక్కో భాగం చేసి, విఫలమై, మార్చి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. అదే పని గంటన్నరలో అవుతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను స్ఫూర్తి కోసం చెప్పి చప్పట్లు కొట్టించి వదిలేయకండి. ఆయన ఎంచుకున్నది మగ్గం మొత్తాన్ని కాదు, ఆ ఒక్క పనిని. ఎందుకు దాన్నే ఎంచుకున్నారు, యంత్రం ఏమేం కదలికలు చేయాలి, దారం తెగకుండా బిగువు ఎట్లా నిలబెట్టాలి, నేత ఇంట్లో ఎంత జాగా ఉంటుంది, ఎంత ధర అయితే కొనగలరు. ఈ ప్రశ్నలు బోర్డు మీద రాసి పిల్లల చేత జవాబులు రాయించండి. వీలైతే పోచంపల్లికో, పుట్టపాకకో ఒక పూట తీసుకుపోండి, ఆ చేతి కదలికను ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే మెకానిజం అంటే ఏమిటో సగం తెలిసిపోతుంది.

అనాలిసిస్ లేకుండా డిజైన్ ఎంత ప్రమాదమో చెప్పడానికి నేను క్లాసులో వాడేది 1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో జరిగింది. హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో పైకప్పు నుంచి ఇనుప రాడ్లతో వేలాడే నడక వంతెనలు ఉండేవి, నాలుగో అంతస్తుది పైన, సరిగ్గా దాని కింద రెండో అంతస్తుది. మొదటి డ్రాయింగులో పైకప్పు నుంచి కింది వంతెన దాకా ఒకటే పొడవాటి రాడ్డు. బిగించడం కష్టమని దాన్ని రెండు ముక్కలు చేశారు: పై ముక్క కప్పు నుంచి నాలుగో అంతస్తు వంతెనకు, కింది ముక్క ఆ వంతెన దూలం నుంచి రెండో అంతస్తు వంతెనకు. చూడ్డానికి చిన్న మార్పు. కానీ అంతకుముందు పై వంతెన కింద ఉన్న నట్టు ఆ ఒక్క వంతెన బరువు మోసేది, ఇప్పుడు రెండింటి బరువూ దాని మీదే పడింది. కూలిపోయి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్ కూడా కోడ్ అడిగినంత బలంగా లేదని దర్యాప్తులో తేలింది, ఆ మార్పు దాన్ని ఇంకా దిగజార్చింది.

దీన్ని క్లాసులో చూపించడానికి లీటరు నీళ్లు పట్టే బాటిళ్లు రెండు, పురికొస, ఒక స్ప్రింగ్ బ్యాలెన్స్ చాలు. ముందు ఒకే తాడుకు రెండు బాటిళ్లనూ వేరువేరు ఎత్తుల్లో, వేరువేరు ముళ్లతో కట్టండి. పై బాటిల్ ముడి మీద ఒక కిలో బరువే ఉంటుంది. తర్వాత కింది బాటిల్‌ను పై బాటిల్ మెడకు కట్టి వేలాడదీయండి. ఇప్పుడు అదే ముడి మీద రెండు కిలోలు. ముడి ఉన్న చోట స్ప్రింగ్ బ్యాలెన్స్ పెడితే అంకె కళ్లముందే రెట్టింపవుతుంది. తాడు వేలాడే పై మేకు మాత్రం రెండు సందర్భాల్లోనూ మోసేది ఆ రెండు కిలోలే, అందుకే మార్పు చేసినవాళ్ల కంటికి ఏ తేడా కనిపించి ఉండదు. ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక్క భాగాన్ని విడిగా తీసి దాని మీద పడే బలాలన్నీ చూపే బొమ్మ) ఎందుకు గీయాలో ఇది చూసిన పిల్లలను మళ్లీ అడగాల్సిన పని ఉండదు.

మన పక్కనే 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. నల్లగొండ పొలాలకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగం అది. రేపు ఇట్లాంటి పనుల్లో డ్రాయింగు మీద సంతకం పెట్టేది, నీటి ఊట పెరిగిందని సైట్ నుంచి ఫోన్ వస్తే పని ఆపాలా వద్దా అని తేల్చేది ఈ బెంచీల మీది పిల్లలే. ఆ బరువు వాళ్లకు మొదటి ఏడాదే తెలియాలి.

కెమిస్ట్రీ మేడమ్‌లకు ప్రత్యేకంగా ఒక మనవి. మన జిల్లా పేరు ప్రపంచంలో నీటి ఇంజినీర్లందరికీ తెలుసు, నల్లగొండ టెక్నిక్ అని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి వల్ల. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, మడ్డి కిందికి దిగాక పైన తేటను తీసుకోవడం. మన పిల్లల్లో చాలామంది ఆ పేరు వినలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో ఎముకలు వంగిపోయిన పెద్దలు ఉంటారు, అయినా ఆ బాధకూ తమ కెమిస్ట్రీ ల్యాబ్‌కూ సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్, వేరే నీటి వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5. ఒక పాత బోరు నీళ్లు తెచ్చి, నాలుగైదు బీకర్లలో వేరువేరు మోతాదుల్లో పటిక వేసి, ఏది ఎంత తగ్గించిందో గ్రాఫ్ గీయించండి. ఆ తర్వాత అసలు ప్రశ్న వేయండి: ల్యాబ్‌లో పనిచేసే ఈ పద్ధతి ఇళ్లలో ఎందుకు నిలబడలేదు? రోజూ మందు కలిపేది ఎవరు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, ఎంత పటిక వేయాలో ఇంట్లో వాళ్లకు ఎట్లా తెలుస్తుంది, ఆ మడ్డి ఎక్కడ పోయాలి, నీళ్లలో అల్యూమినియం మిగిలితే ఏం చేయాలి. చివరికి మిషన్ భగీరథలో నదుల నీళ్లనే పైపులతో తెచ్చే దారి ఎంచుకున్నారు, దాని మొదటి పైలాన్ చౌటుప్పల్‌లో ఉంది. రెండు దారులనూ ఖర్చు, కరెంటు, మనిషి శ్రమ, నమ్మకం అన్నీ పెట్టి పోల్చి చూడమంటే అదే ఒక నెల రోజుల ప్రాజెక్టు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో 1990ల చివరి నుంచి ఫస్టియర్ పిల్లలందరూ టీములుగా నిజమైన మనుషుల సమస్యల మీద డిజైన్ కోర్సు చేస్తున్నారు, దాని పక్కనే మ్యాథ్స్, మెకానిక్స్, ప్రోగ్రామింగ్ కలిపిన అనాలిసిస్ కోర్సులు నడుస్తాయి. మనకూ అడ్డేమీ లేదు. 2014లో భారత్ వాషింగ్టన్ అకార్డ్‌లో (దేశాలు ఒకరి ఇంజినీరింగ్ డిగ్రీల గుర్తింపును ఇంకొకరు ఒప్పుకునే ఒప్పందంలో) శాశ్వత సభ్యత్వం తీసుకుంది, కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ అడిగే ప్రోగ్రామ్ ఔట్‌కమ్‌లలో (చదువు అయ్యేసరికి పిల్లలకు రావలసిన నైపుణ్యాలలో) రెండోది ప్రాబ్లెమ్ అనాలిసిస్, మూడోది డిజైన్. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులంలో మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం ఉంది. ఉపన్యాసాలు, శాలువాలు ఒక రోజుకు సరిపెట్టి, ఆ వారాల్లో ఒక్క వారం ఈ బోరు కొలతకో, రాత్రి పొలం ప్రశ్నకో ఇవ్వండి.

మార్కుల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది పాడయ్యేది అక్కడే. మెరిసే మోడల్‌కు మార్కులు వేస్తే పిల్లలు మోడల్ కొనుక్కొస్తారు. ఫైనలియర్‌లో దిల్‌సుఖ్‌నగర్‌కో అమీర్‌పేటకో పోయి, రిపోర్టుతో సహా ప్రాజెక్టు కొనుక్కొచ్చి వైవాలో తలవంచుకుని నిలబడే పిల్లలను మీరూ చూశారు, ఆ డబ్బు అమ్మానాన్నలు అప్పు చేసి ఇచ్చింది. ఫస్టియర్‌లో మార్కులు నోట్‌బుక్కుకు వేయండి. తేదీ వేసి, ఎవరితో మాట్లాడారో, ఏం కొలిచారో, మొదటి ప్రయత్నం ఎందుకు ఫెయిలయిందో, రెండోసారి ఏం మార్చారో అందులో ఉండాలి. పనిచేయని మోడల్‌తో వచ్చినా, ఎందుకు పనిచేయలేదో అంకెలతో చెప్పగలిగితే పూర్తి మార్కులు వేసే ధైర్యం మీకు ఉండాలి. రాసింది తుడిచేయకుండా కొట్టేసి పక్కన రాయమనండి.

భాష సంగతి కూడా. మన కాలేజీల్లో గురుకులాల నుంచి, ప్రభుత్వ జూనియర్ కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది, ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ అనగానే వెనక బెంచీకి జరిగిపోతారు. రైతుతో మాట్లాడి రాసుకున్నది తెలుగులోనే రాయనివ్వండి, మొదటి రివ్యూ తెలుగులోనే చెప్పనివ్వండి. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకే అనుమతి ఇచ్చింది, ఒక రివ్యూకు అభ్యంతరం ఉండనక్కర్లేదు. స్టార్టర్ ఎట్లా పనిచేస్తుందో, బోరు ఎట్లా ఊరుతుందో ఆ పిల్లలకు తెలిసినంత పట్నం పిల్లలకు తెలియదు. ఆ టీములో మొదటిసారి వాళ్ల మాటకు విలువ వస్తుంది, అక్కడి నుంచి ఇంగ్లీషు నేర్చుకునే ధైర్యం దానంతటదే వస్తుంది. రెండో రివ్యూకు ఇంగ్లీషు పెట్టండి, తప్పులు పట్టుకోకండి.

సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పిల్లలకు ఇదంతా ఎందుకు అని తల్లిదండ్రులు అడుగుతారు, ఇప్పుడు సీట్లలో ఎక్కువ భాగం వాళ్లవే కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. సాఫ్ట్‌వేర్‌లోనూ మొదటి పని ఎవరికి ఏం కావాలో సరిగ్గా అడగడం, రెండోది పనిచేస్తుందో లేదో కొలిచి చూడటం. ఒక్కో టీములో అన్ని బ్రాంచీల వాళ్లనూ కలపండి, డ్రమ్ము రీడింగుల నుంచి సగటు, తేడా తీసే ప్రోగ్రాం సీ లాంగ్వేజ్ క్లాసులో వాళ్లే రాస్తారు. ఆ లెక్కకు వాడే డేటా వాళ్లు సొంతంగా కొలిచిందై ఉంటుంది.

సార్లూ, మేడమ్‌లూ, మీ మీద ఎంత పని ఉందో తెలియక ఇది రాయడం లేదు. సిలబస్, అటెండెన్స్, అక్రెడిటేషన్ ఫైళ్లు, మళ్లీ అడ్మిషన్ల సీజన్‌లో ఊళ్లు తిరగడం. అందుకే అన్ని సెక్షన్లలోనూ ఒకేసారి పెట్టమనడం లేదు. ప్రిన్సిపాల్ గారు ఒక్క సెక్షన్ ఎంచుకోండి, ఇష్టంగా ముందుకొచ్చే ఇద్దరు లెక్చరర్లకు ఆ సెమిస్టర్ ఇతర డ్యూటీలు తగ్గించండి, వర్క్‌షాప్‌లో ఉండే టెక్నీషియన్‌ను కూడా టీచరుగానే కూర్చోబెట్టండి, ఫిట్టింగ్ గురించి ఆయనకు తెలిసింది మనలో చాలామందికి తెలియదు. ఊళ్లోకి పంపేటప్పుడు రైతు దగ్గర ముందే అనుమతి తీసుకోండి, నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో పోకండి, ఆడపిల్లలను పగటిపూటే, ఒక మేడమ్ తోడుగా పంపండి. సెమిస్టర్ చివర ఆ రైతును, ఆ నేత ఇంటివాళ్లను కాలేజీకి పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి, పిల్లల పని ఎట్లా ఉందో వాళ్ల చేత చెప్పించండి. వాళ్లు "ఇది మాకు పనికిరాదు బిడ్డా, ఎందుకంటే" అని మొదలుపెడితే మధ్యలో ఆపకండి, పిల్లల చేత రాయించండి.

డ్రమ్ము, స్ప్రింగ్ బ్యాలెన్స్, ఫ్లోరైడ్ బీకర్ల పనికి నేను వాడే ప్రశ్నల కాగితాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నా దగ్గర ఉన్నాయి. ఏ కాలేజీ అయినా జిరాక్స్ తీసుకుని, మార్చుకుని వాడుకోవచ్చు, నా పేరు వేయక్కర్లేదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఎక్కడ పిలిచినా శనివారాలు వస్తాను, బండి ఖర్చు కూడా నాదే. ఒక్క షరతు: ఆ రోజు క్లాసు సెమినార్ హాల్లో వద్దు, నీళ్లు పోసే బోరు దగ్గర పెట్టండి.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి, పంపుల పనిలో ఉన్న ఒక మెకానికల్ ఇంజినీరు